మూసేసిన ప్రశ్న

ఫోరంలో అందరూ అతన్ని కత్తెర అనే పిలిచేవారు. పగలు బీమా కంపెనీలో ప్రోగ్రామరు. సాయంత్రం ఆరు దాటితే, ప్రోగ్రామర్లు ఒకరినొకరు సందేహాలు అడుక్కునే ఒక ఆన్‌లైన్ ఫోరంలో మోడరేటరు. అడిగిందే మళ్ళీ అడిగినవాళ్ళనీ, సరిగ్గా అడగడం చేతకానివాళ్ళనీ ఏరి, వాళ్ళ ప్రశ్నలు మూసేయడం అతని పని. జీతం లేకపోయినా ఆఫీసు పనికన్నా శ్రద్ధగా చేసేవాడు. మూసేటప్పుడు ఊరికే మూయకుండా కింద ఒక మాట అంటించేవాడు. ఆ మాటలకు జనం పడీ పడీ నవ్వేవారు, లైకులు కొట్టేవారు. ఎవరో తనకు ఆ పేరు తగిలిస్తే అతనికి మహా ముచ్చటేసింది.

ఆ ఏడాది డెవలపర్ల సమావేశంలో అతనికి సన్మానం చేస్తామని నిర్వాహకులు ముందే కబురు పెట్టారు. పన్నెండేళ్ళ సేవకు జ్ఞాపిక. భార్యను రమ్మన్నాడు.

"అక్కడ నాకు ఒక్క ముక్క అర్థం కాదు. మీరు వెళ్ళిరండి" అందామె.

కొత్త చొక్కా ఇస్త్రీ చేయించుకుని వెళ్ళి మూడో వరసలో కూర్చున్నాడు. మొదటి ప్రసంగం ముప్పై ఏళ్ళు కూడా లేని ఒక అమ్మాయిది. కొత్తగా ప్రోగ్రామింగ్‌లోకి వచ్చినవాళ్ళు ఎందుకు వదిలేసి పోతున్నారన్నది విషయం. కాసేపు మాట్లాడి, తెర మీద పదకొండేళ్ళ కిందటి ప్రశ్న ఒకటి చూపించింది. అడిగినవాళ్ళ పేరూ, బదులిచ్చినవాళ్ళ పేరూ చెరిపేసి ఉన్నాయి.

'మా లైబ్రరీ పుస్తకాల పేర్లు అక్షరక్రమంలో పెట్టే ప్రోగ్రాం రాశాను. సున్నా (ం) ఉన్న పేర్లు మాత్రం తప్పుచోట పడుతున్నాయి. ఎందుకో చెప్పగలరా?'

దాని కింద బదులు: 'పేర్లు వరసలో పెట్టడం ఇక్కడ వందసార్లు చెప్పాం. వెతుక్కోవడం కూడా రానివాళ్ళు ఇంకో పని చూసుకోవడం మేలు. మూసేశాం.'

హాలంతా గొల్లుమంది. అతనికీ నవ్వొచ్చింది. సగం నవ్వాక, ఆ మాట తనదేనని గుర్తొచ్చింది.

"నవ్వొస్తుంది కదండీ" అంది ఆ అమ్మాయి. "అప్పుడూ నాలుగొందలమంది నవ్వి లైక్ కొట్టారు. కానీ చూడండి, వరసలో పెట్టడం ఎలాగని కాదు అడిగింది. పెట్టాక తప్పెందుకొస్తోందని. ఆ తేడా తెలియాలంటే ప్రశ్న చివరిదాకా చదివితే చాలు."

అతను మళ్ళీ చదివాడు. నిజమే. అది మూయాల్సిన ప్రశ్న కాదు. పైగా మంచి ప్రశ్న. దానికి జవాబు అప్పట్లో తనకూ తెలియదు.

టీ విరామంలో ఆ అమ్మాయి కప్పు పట్టుకుని కిటికీ దగ్గర ఒంటరిగా నిలబడి ఉంటే దగ్గరకు వెళ్ళాడు.

"మీరు చూపించిన ఆ బదులు... అది రాసింది నేనేనండి."

ఆమె అతని మెడలోని బ్యాడ్జీ వంక చూసింది. "ఓ. కత్తెరగారు మీరేనా?"

"అప్పట్లో రోజుకి రెండొందల ప్రశ్నలొచ్చేవి. ఏదో విసుగులో..." నీళ్ళు నమిలాడు. "తప్పేనండి. అయినా మీరు పట్టు వదల్లేదు, ఇంత పైకొచ్చారు. సంతోషం."

"అడిగింది నేను కాదండీ. మా అక్క."

అతను మెడలోని బ్యాడ్జీని వెనక్కి తిప్పుకున్నాడు.

"మా అక్క లైబ్రరీలో పనిచేసేది. పుస్తకాలు చూసి తనంతట తనే ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. నాకు నేర్పిందీ తనే. ఆ ప్రశ్న రాయడానికి మూడు రోజులు పట్టింది, తప్పుల్లేకుండా అడగాలని. మీ బదులు చదివి కంప్యూటర్ ఆపేసింది. 'వాళ్ళన్నది నిజమేలేవే, మనకెందుకివన్నీ' అంది. అంతే, మళ్ళీ ముట్టుకోలేదు."

"ఇప్పుడేం చేస్తున్నారు?"

"అదే లైబ్రరీ. పుస్తకాల మీద నంబర్లు అంటిస్తుంది."

"ఒక్కసారి ఆవిడతో మాట్లాడిస్తారా? క్షమాపణ చెప్పుకుంటాను."

"ఎందుకండీ? తను ఎప్పుడో మర్చిపోయింది. ఇప్పుడు మీరు ఫోన్ చేస్తే బరువు దిగేది మీకు. మళ్ళీ ఎక్కేది తనకి." కప్పు బల్ల మీద పెట్టి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది అతనికి.

మధ్యాహ్నం వేదిక మీదికి పిలిచారు. వద్దని చెప్పే ధైర్యం చాలలేదు. 'మన కత్తెర' అని నిర్వాహకుడు అనగానే చప్పట్లు మోగాయి. పొద్దున నవ్వినవాళ్ళ చేతులే అవి. ఆ అమ్మాయి ఎక్కడైనా ఉందేమోనని వెతికాడు. కనిపించలేదు.

ఇంటికొచ్చి ఆ ప్రశ్న తాళం తీశాడు. రెండు గంటలు కూర్చుని, నాలుగు పద్ధతులు ప్రయత్నించి, సున్నాకి కంప్యూటర్ ఇచ్చే వరుస వేరు, నిఘంటువు ఇచ్చే వరుస వేరు అని తేల్చుకుని, ఓపిగ్గా జవాబు రాశాడు. చివర 'ఆలస్యానికి మన్నించండి' అని చేర్చాడు. ఎవరికి చేరుతుందో తెలియకుండానే. ఆ వెంటనే మోడరేటరు పనికి రాజీనామా కూడా పంపాడు. ముగ్గురు 'మిస్ అవుతాం' అన్నారు. ఆ వారంలోనే ఇంకొకరిని పెట్టుకున్నారు.

భార్యకు జరిగిందంతా చెప్పాడు. 'పోనీలెండి' అంటుందనుకున్నాడు. ఆమె మడతపెడుతున్న దుప్పటి ఒళ్ళో పెట్టుకుంది.

"అక్కడెక్కడో ఉన్న మనిషి సంగతి సరే. మన అమ్మాయి లెక్కలు ఎవరిని అడుగుతోందో ఎప్పుడైనా చూశారా?"

"ఎవరిని?"

"పక్కింటి ఆంటీని. రెండేళ్ళుగా. 'ఇది కూడా రాదా' అన్నారుగా మీరోసారి."

అతను లేచి కూతురి గదికి వెళ్ళాడు. పిల్ల పుస్తకం ముందు పెట్టుకుని పెన్సిల్ కొరుకుతోంది.

"ఏమ్మా, ఎక్కడైనా ఆగిందా? చూడనా?"

పిల్ల గబుక్కున పుస్తకం మూసేసింది. "లేదు నాన్నా. అయిపోయింది" అంది, పెన్సిల్ డబ్బాలో పెడుతూ.