పది టెంకాయల అమావాస్య

నగర్తపేటలోని ఆ సందులో మిగిలిన గుంట మగ్గం అంజినమ్మదొక్కటే. నేసేవాళ్ళు కాళ్ళు దించుకుని కూర్చునే ఆ గుంటలో బొటనవేలంత మనుషులు కాపురం ఉంటారు. ఇందులో నోరు వెళ్ళబెట్టాల్సిందేమీ లేదు, ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. తెలియనిదల్లా వాళ్ళు మనుషులని. అంజినమ్మ వాళ్ళను దేవుళ్ళనుకుంది. ఆమె అత్తా అలాగే అనుకుంది, ఆ అత్తకు అత్తా అలాగే అనుకుంది.

అమావాస్యకు మగ్గం ఆపుతారు గదా. ఆ రోజు గుంట అంచుకు పసుపు పూసి, సాంబ్రాణి వేసి, ఒక టెంకాయ కొట్టి నీళ్ళు లోపలికి వంచడం ఆ ఇంటి ఆచారం.

పోయిన అమావాస్యకు అంజినమ్మ టెంకాయ ఎత్తేసరికి గుంటలోంచి ఒక ముసలాయన అంచు మీదికి ఎగబాకాడు. రెండు చేతులూ పైకెత్తి గట్టిగా ఊపాడు. ఏదో అరిచాడు కూడా, కానీ అంజినమ్మకు వినికిడి అంతంతమాత్రం. ఆమెకు కనిపించినవి పది వేళ్ళు.

"స్వామి పది టెంకాయలు అడగతా ఉండాడు," అని లెంపలు వేసుకుంది.

అవ్వ పొరపాటు పడిందేమోనని మనవరాలు రంజితకు ఆ రోజే అనుమానం వచ్చింది. కానీ దేవుడి సంగతుల్లో పదకొండేళ్ళ పిల్ల మాట వినేదెవరు?

ఈసారి అమావాస్య ఆదివారం పడింది. పదకొండింటికల్లా అంజినమ్మ పది టెంకాయలూ పీచు తీసి వరసగా పెట్టుకుంది. మేడమీద అద్దెకుండే నర్సు కృపమ్మ కూతురు సునీత అప్పుడే చర్చి నుంచి వచ్చి, కొబ్బరి ముక్క దొరక్కపోతుందా అని గుమ్మంలో నిలబడింది. వాళ్ళు ఒంగోలు నుంచి వచ్చి ఏడాది కాలేదు. రంజితా, సునీతా ఒకే క్లాసు.

ఏడో టెంకాయ నీళ్ళు పడ్డాక రంజిత గుంటలోకి తొంగి చూసి అదిరిపోయింది. అడుగున మట్టిగోడలో అగ్గిపెట్టెలంత ఇళ్ళు. వీధంతా నీళ్ళు. జనం మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లలను చంకనేసుకుని, వేలాడుతున్న పట్టుదారం పట్టుకుని పైకి పాకుతున్నారు.

"అవ్వా, ఆపు! వాళ్ళు ఇల్లు వదిలి పోతాండారు!" అని చెవిలో అరిచింది.

అంజినమ్మ గుంటలోకి వంగి చూసింది. గుంట ఖాళీ అయితే మగ్గం ఆడదని అత్త చెప్పిన మాట. "ఇంకా మూడు కొట్టలేదని కోపమొచ్చి ఉండాది," అంటూ గబగబా ఎనిమిదోది అందుకుంది.

"అయ్యయ్యో, మునిగిపోతున్నారు మామ్మగారూ!" అని సునీత ఒక్క ఉదుటున వచ్చి, అప్పుడే అంచు మీదికి పాకిన ఆ ముసలాయన్ను అరచేతిలోకి ఎత్తేసుకుంది. ఆయన కాళ్ళు టపటపా కొట్టాడు.

"దించు! నేనేమన్నా బొమ్మనా?"

సునీత సిగ్గుపడి దించేసింది. మేలు చేస్తున్నాననుకున్న పిల్లకు తిట్లు పడ్డాయి పాపం, కానీ ఆయన అన్నదీ న్యాయమే.

రంజిత అవ్వ చేతిలో టెంకాయ లాక్కుంది. పుట్టి బుద్ధెరిగాక అంత పని చేయడం అదే మొదలు. తర్వాత నేల మీద బోర్లా పడుకుని గుంట అంచున గడ్డం ఆనించింది.

"ఏమైంది తాతా? నాకు చెప్పు, నేను అవ్వకు చెప్తాను."

"ఏమైందా? ఈ పేట లేనప్పుడే ఈడ మా ఊరు ఉండాది. మీ పెద్దోళ్ళు వచ్చి మా వీధి నడుమ గుంట తవ్విరి. పోనీలే, వాళ్ళూ బతకల్ల గదా అని సర్దుకుంటిమి. ఆ పొద్దు నుంచి నెలకొక వరద. గింజలన్నీ తడుస్తాయి. సాంబ్రాణి పొగకు పిల్లోళ్ళు దగ్గి దగ్గి చస్తారు. పోయిన నెల వద్దని చేతులూపితే ఈ నెల పది!"

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదు?"

ముసలాయన తల గోక్కున్నాడు. "దేవుడా అని మొక్కుతా ఉంటే, మునిగిపోతాండాము కాపాడు తల్లీ అని ఎట్ల అడిగేది? మాకూ మర్యాద ఉంటుంది. ఇంక చాల్లే పాపా. దొడ్డబళ్ళాపురం నుంచి దారం తెచ్చే ఆటో వస్తానే, అందులో పోతాము."

రంజిత ఒక్క మాట కూడా మింగకుండా అన్నీ అవ్వ చెవిలో వేసింది. అంజినమ్మ కూలబడిపోయింది. పెళ్ళయి వచ్చిన దగ్గరి నుంచి నలభై ఏళ్ళు, ఒక్క అమావాస్య తప్పకుండా ఒంటిపొద్దు ఉండి మరీ వాళ్ళ ఇళ్ళు ముంచింది. ఎంత భక్తితో చేసిందో అంత సిగ్గేసింది.

సునీత మేడమీది నుంచి పాత నూలుగుడ్డలు తెచ్చింది. ఈసారి దేన్నీ ముట్టుకోకుండా, "తుడవమంటారా తాతగారూ?" అని అడిగింది. ఆయన తలాడించాడు, మూట మాత్రం భుజం మీది నుంచి దించలేదు. బయట ఆటో హారన్ మోగింది. గుంట అంచున వాళ్ళ జనమంతా బారులు తీరారు.

అప్పుడు అంజినమ్మ, మోకాళ్ళ నొప్పులకు మూలుగుతూనే, మనవరాలి పక్కన తనూ బోర్లా పడుకుంది. ముఖం ముసలాయన ముఖానికి ఎదురుగా వచ్చింది.

"స్వామీ..." అనబోయి ఆగింది.

"నీ పేరేమప్పా?"

ముసలాయన ఉలిక్కిపడ్డాడు. ఇన్ని తరాల్లో పైనుంచి ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

"సొన్నప్ప," అన్నాడు మెల్లగా. ఆయన అన్నదల్లా రంజిత అవ్వ చెవిలో అందిస్తూ పోయింది.

"నన్ను అంజినమ్మ అంటారు."

"మాకు తెలీదు గదమ్మా. మేము మిమ్మల్ని వరదోళ్ళు అనే అంటాము."

అంజినమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. సొన్నప్ప ఆమె ముఖాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత తన జనం వైపు తిరిగాడు.

"ఈమె పేరు అంజినమ్మ అంట," అన్నాడు. "మూటలు దించండి."