అటకెక్కిన మోడెమ్

పొద్దున్న లేచి చూస్తే మోడెమ్ అటకెక్కి కూర్చుని ఉంది. అలిగింది. గోడవైపు తిరిగి, వైరును ఒళ్లో చుట్టుకుని, దీపాలన్నీ ఆర్పేసుకుంది.

అలగడానికి దీనికి ఇవాళే దొరికిందా! ఇవాళ పదో తరగతి ఫలితాలు ఇంటర్నెట్‌లో పెడతారు. పరీక్ష రాసింది మా అత్తయ్య వరహాలమ్మ. రేషన్ షాపులో వేలిముద్ర వేసిన ప్రతిసారీ ఆ వేలిని కొంగులో దాచుకుని ఇంటికొచ్చే మనిషి, పలకతో మొదలుపెట్టి ఇంతదాకా వచ్చింది. ఒక్క లెక్కల పరీక్షే భయం. పాసైతే బూరెలు వండుతానని మూకుడు పొయ్యి మీద పెట్టింది. కింద మంట భగ్గుమంటున్నా, ఫలితం తెలిసేదాకా నూనె కాగనంటోంది.

నేను నిచ్చెన ఎక్కుతున్నాను. ఒక మెట్టెక్కితే పైన ఇంకోటి మొలుస్తోంది. "కొత్తల్లుడికైనా ఇంత అలక ఉండదు కదా!" అని అరిచాను. నిచ్చెనకి సిగ్గేసి కాస్త పొట్టిదయింది.

కింద మా ఆయన అప్పల్రాజు కంప్యూటర్‌లోకి నడుం దాకా దిగి ఉన్నాడు. కంప్యూటర్‌కి అందరూ పెట్టుకునేదే పెట్టుకోవయ్యా అంటే వినకుండా, పెంగ్విన్ బొమ్మ గుర్తుండే లినక్స్ పెట్టాడు. దాని నల్లటి తెర బావిలా లోతు. బయటికి కాళ్లే కనిపిస్తున్నాయి.

"తప్పేంటో దొరికిందా?" అని కాళ్లని అడిగాను.

"మోడెమ్ బాగానే ఉందే గౌరీ. రాత్రి ఫోను కలిపింది. అవతలి ఇంటర్నెట్‌వాళ్లే పలకలేదు. ఇక్కడ పెంగ్విన్ కూడా అదే అంటోంది."

ఫోను కలిశాక మోడెమ్ ఏం మాట్లాడాలో రాసిన ముక్క ఒకటి లోపల ఉంటుంది. దాన్ని పీకి, కాలివేళ్ల మధ్య పెట్టి బయటికి అందించాడు. నేను నిచ్చెన దిగి అందుకున్నాను. చల్లగా, తడిగా ఉంది. అత్తయ్య దాన్ని లాక్కుని, అక్షరం అక్షరం కింద వేలు పెట్టి చదివింది. చదివి నన్ను చూసింది.

"ఇదేటే గౌరమ్మా? పేరు సెప్పీడం, గుర్తుమాట సెప్పీడం, తలుపు తియ్యమనడమేనా? బాగున్నారా అని నేదు, తిన్నారా అని నేదు. ఇలాగడిగితే ఎవులు పలుకుతారు? ఈ మాటలు మోసుకెల్లి మోసుకెల్లి పాపం దానికి నామోసీ అయిపోనాది!"

నిజమే. మా ఇంటికి అప్పు అడగడానికొచ్చినవాడు కూడా ముందు ఆ రెండూ అడుగుతాడు.

అత్తయ్య పెన్సిల్ తీసుకుని, ముక్క పైన తన గుండ్రటి అక్షరాలతో రాసింది: బాగున్నారా. బువ్వ తిన్నారా.

మోడెమ్ తనంతట తనే అటక దిగి వచ్చింది. ఫోను కలిపింది. గీమని, గరగరమని, చివరికి సన్నాయి ఊదింది. అవతలి నుంచి "తిన్నాం, మీరు తిన్నారా?" అని జవాబొచ్చింది. అక్కడ వానలు పడ్డాయో లేదో, ఎవరి మోకాళ్లు ఎలా ఉన్నాయో అన్నీ అయ్యాకే ఫలితాల పేజీ బయలుదేరింది.

పేజీ పైనుంచి కిందికి గీత గీతగా దిగుతోంది. వరహాలమ్మ. తెలుగు, పాస్. సాంఘికం, పాస్. లెక్కల దగ్గర ఆగిపోయింది. అత్తయ్య నా చెయ్యి నలిగిపోయేలా పట్టుకుంది.

పాస్.

"ఓలమ్మా! నాను పాసైపోనానే!" అని అత్తయ్య గెంతింది. నూనె చుయ్యిమని కాగింది. మా ఆయన తెరలోంచి బయటపడ్డాడు, మీసం మీద మంచుతో.

సంతకం పెట్టి చూస్తానని అత్తయ్య పెన్సిల్ తీసింది. అప్పుడే ఆమె బొటనవేలి మీది గీతలు నూలుపోగులా విప్పుకుంటూ ఫోన్ వైరులోకి వెళ్తున్నాయి. స్తంభం నుంచి స్తంభానికి విజయనగరమంతా పాకుతున్నాయి. వేలు పసిపాప బుగ్గంత నున్నగా అయింది. ఆ నున్నటి వేలితో ఆమె నింపాదిగా సంతకం పెడుతోంది. ఊళ్లో ప్రతి ఇంటి ఫోనూ మోగుతోంది. ఎవరెత్తినా మా అత్తయ్య గొంతే, ముందుగా తిన్నారా అని అడుగుతోంది.