ఏడో ప్రశ్న

తాళం ఎండకు కాలుతోంది.

పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. అయినా ఇనుము వేడెక్కింది.

వీధి పొడుగునా తాళాలే. సుజన ఒక్కో తాళాన్నీ వేలి కొసతో తాకుతూ నడిచింది. ఎవరి ఇల్లు ఇది? ఎప్పుడు పోయారు? పిల్లల్ని కూడా తీసుకుపోయారా? తాళం ఏం చెబుతుంది పాపం... అయినా అడగాలనిపిస్తుంది ఆమెకు.

చిన్నప్పట్నుంచీ అంతే. ఈ పిల్ల గోడను కూడా వదలదని కడపలో అవ్వ విసుక్కునేది. విసుక్కుంటూనే మురిసిపోయేది.

అందుకే కర్నూలు కాలేజీలో ఎం.ఎస్.డబ్ల్యూ.లో చేరింది. మనుషుల్ని అడిగి, కష్టం తెలుసుకుని, సాయం చేసే చదువు. మంగంపేట గనుల్లో టిప్పర్ తోలే నాన్న వీరభద్ర ఒకే ఒక్క మాట అడిగాడు.

"సాయం చేసేదానికి చదువెందుకే?"

జవాబు ఇంకా దొరకలేదు. దొరుకుతుందేమోనని కాలేజీ అప్పజెప్పిన ఫీల్డ్ పని మీద మంగళవారం, గురువారం బస్సెక్కి, ఆదోని దాటి, ఈ ఊరికొస్తోంది.

చేతిలో కాలేజీ ఇచ్చిన ఫారం. పన్నెండు ప్రశ్నలు. పన్నెండు గళ్లు.

ఇవాళ మాత్రం ఒకే పని — శివాని.

శివాని నాలుగో తరగతి. వాళ్లమ్మ రామేశ్వరమ్మ సుగ్గికి పోతోంది, గుంటూరు దిక్కు మిరపకాయలు కోసే పనికి. కూతుర్ని వెంటబెట్టుకుపోతే ఉగాది దాకా బడి లేనట్టే. అలా వెనకబడ్డ పిల్లలు మళ్లీ బడి గడప తొక్కింది తక్కువ. బడి పక్కనే వలసపోయినవాళ్ల పిల్లలకు హాస్టల్ ఉంది. అందులో ఉంచమని ఒప్పించాలి. ఎలాగైనా ఒప్పించాలి.

వీధి చివర లారీ. కూలీల మేస్త్రి తిమ్మన్న హారన్ మీద హారన్ కొడుతున్నాడు.

రామేశ్వరమ్మ తాళం వేసింది. మూట నెత్తికెత్తుకుంది. కూతురి చేయి పట్టుకుంది. మెట్టు దిగింది.

సుజన పరుగెత్తుకొచ్చింది. రొప్పుతూనే ఫారం తీసింది. వేలు ఏడో ప్రశ్న మీద పడింది.

"అమ్మా, యాడికి పోతాండారు?"

అనేసింది.

లారీ మీది ఆడవాళ్ల మాటలు ఆగిపోయాయి. ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

బయలుదేరిన మనిషిని యాడికని అడుగుతారా ఎవరైనా? సుజనకు తెలియదా? తెలుసు. అవ్వ చేత మొట్టికాయలు తిని మరీ నేర్చుకుంది. కానీ ఇక్కడ అది ఫారంలో ఒక గడి. గడిలో ఉన్న మాట కదా, నోరు వెనకాడలేదు.

రామేశ్వరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మూట దించింది. తాళం తీసింది. లోపలికి పోయి కాళ్లు కడుక్కుంది, చెంబెడు నీళ్లు తాగింది, నేలమీద కూర్చుంది.

"పోప్పా తిమ్మన్నా. పక్కూరోళ్లను ఎక్కించుకోని రాపో. ఇప్పుడు నేను కదల్ను."

"మద్యానం ఇట్లే తిరుక్కోనొస్తా. అప్పుడు గూడా ఎక్కకుంటే నీ తావు ఇంగొకరికే సూడు."

లారీ పోయింది. దుమ్ము మిగిలింది. భర్త సుంకప్ప వారం ముందే పోయి అక్కడ గుడిసె వేసుకుని ఎదురుచూస్తున్నాడు. ఈమె తావు పోతే?

సుజన గడప దగ్గరే నిలబడిపోయింది. ఫారం మడిచి సంచిలో పెట్టింది.

"రా పాపా. ఎండలో ఎంతసేపు నిలబడుకుంటావు?"

రామేశ్వరమ్మ మూట విప్పి బొరుగులు తీసింది. ముగ్గురూ తిన్నారు. గొంతులో పన్నెండు కాదు, నూరు ప్రశ్నలు... బొరుగులతో పాటు మింగింది సుజన. పుట్టి బుద్ధెరిగాక అరగంట ఏమీ అడక్కుండా ఉండటం ఆమెకు అదే మొదలు.

అప్పుడు రామేశ్వరమ్మ తనంతట తానే చెప్పింది.

"పోయినేడు గూడా ఒగ మేడం వచ్చి అడిగె. సరేలెమ్మని హాస్టల్లో ఇడిసిపోతి. దినామూ బడి ఇడిస్తానే ఈడికొచ్చి తాళం పట్టుకోని కూసునేదంట ఈ పాప. తలుపు మూసిండాది... ఇంగేం పట్టుకుంటాది? నేనొచ్చి సూస్తే అరసెయ్యంతా బొబ్బలు."

శివాని చేతిని వీపు వెనక దాచుకుంది.

ఈ మాటకు ఫారంలో గడి లేదు.

ఒప్పించాలని వచ్చిన మనిషి దగ్గర ఇప్పుడు ఒప్పించే మాట ఒక్కటీ లేదు. సుజనకు సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది.

"ఏం చేయాలో నాకూ తెలీదమ్మా," అంది.

రామేశ్వరమ్మ మూట మళ్లీ కట్టింది.

"నువ్వు ఎన్ని దినాలు వస్తావు?"

"మంగళవారం, గురువారం. ఈ నెలాఖరు దాకానే."

అబద్ధం చెప్పొచ్చు. ఉగాది దాకా అనొచ్చు. అనలేదు.

దూరంగా హారన్ మోగింది. రామేశ్వరమ్మ లేచింది. తాళం వేసింది. నల్లదారానికి కట్టిన తాళంచెవిని సుజన చేతిలో పెట్టింది.

"పాపను హాస్టల్లోనే ఇడిసిపోతాండా. నువ్వు వచ్చిన దినాలు తలుపు తీసి, లోపల కూసోనీ. తాళం మాత్రం పట్టుకోనీగాకు."

మరి నెలాఖరు తర్వాత? రామేశ్వరమ్మ అడగలేదు. సుజన కూడా అడగలేదు.

కూతురి తల నిమిరి లారీ ఎక్కింది. ఎప్పుడొస్తావని అడగబోయి సుజన పళ్ల బిగువున ఆపుకుంది. అది చూసి రామేశ్వరమ్మ పైనుంచి నవ్వింది. ఆ నవ్వు లారీతో పాటు మలుపు తిరిగిపోయింది.

దుమ్ము... మళ్లీ దుమ్ము.

కాసేపటికి ఆదోని బస్సు వచ్చింది. ఊరికి అదే ఆఖరి బస్సు. సుజన సంచి భుజానికి తగిలించుకుంది.

"గురువారం వస్తా శివానీ. హాస్టల్‌కు పో నాన్నా."

మెట్టు దిగింది. నాలుగడుగులు వేసింది.

వెనక నుంచి శివాని గొంతు. పొద్దున అందర్నీ ఆపేసిన ఆ మాటే. నెమ్మదిగా, పొల్లుపోకుండా.

"అక్కా, యాడికి పోతాండావు?"

సుజన ఆగిపోయింది.

బస్సు హారన్ కొట్టింది. మళ్లీ కొట్టింది.

సుజన సంచి దించింది. వెనక్కి వచ్చింది. తాళంచెవి తీసింది.

తాళం ఇంకా వేడిగానే ఉంది.