విమానానికి కొట్టిన కొబ్బరికాయ

మా ఆయన సారంగపాణి విమానం కొన్నాడంటే కొత్తవాడలో ఎవరూ నమ్మలేదు. జంపఖానాలు అమ్ముకునేవాడికి విమానమేమిటి, నా మొహం! ఇద్దరు కూర్చునే పాత విమానం. హైదరాబాద్ అవతల ఒక చిన్న రన్‌వే పక్కన షెడ్డులో ఉండేది. ఎగిరినా ఎగరకపోయినా షెడ్డుకు కిరాయి, ఇన్సూరెన్సు, ఏటేటా తనిఖీ. ఆ మహాతల్లి ఊరికే నిలబడడానికే డబ్బు పోయాలి. హనుమకొండలో ప్లాటు అలాగే పోయింది. తర్వాత మా మామ పెట్టిన దుకాణం బ్యాంకులో తాకట్టుకు వెళ్లింది.

చివరికి విమానం కొనేవాడు దొరికాడు. ఆ డబ్బుతో దుకాణమైనా దక్కుతుందని ఊపిరి పీల్చుకున్నాను.

దసరా నాడు ఈయన మొదలుపెట్టాడు.

"సరసూ, ఒక్కసారి నిన్ను ఎక్కించుకొని తిప్పుత. రేపు ఇచ్చేద్దాం."

"నాకేం వద్దు. జల్దీ అమ్మెయ్ రాదయ్యా!"

వింటేగా! నన్ను షెడ్డుకు లాక్కెళ్లాడు. పండగపూట పూజ చేయకుండా బండి తీయకూడదట. విమానానికి పసుపు కుంకుమ పెట్టాడు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు, ముందు నిలబడి కొబ్బరికాయ కొట్టాడు. ముక్కల్ని కాలితో పక్కకు నెట్టి, నన్ను ఎక్కించి, ఇంజిన్ స్టార్ట్ చేశాడు.

ఠక్కుమంది.

ముందున్న పంకా ఒక కొబ్బరిచిప్ప ముక్కను లాక్కుంది. పంకా రెక్క అంచు వంగిపోయింది. మెకానిక్ రాజమౌళి వచ్చి చూసి, "ఇంజిన్ విప్పి చూడాలె సార్. గట్లనే ఎగరనియ్యరు," అన్నాడు. కొంటానన్నవాడు ఆ సాయంత్రమే వద్దన్నాడు. చేతులారా చేసుకున్నదానికి ఇన్సూరెన్సు రాదన్నారు. బాగుచేయించే స్తోమత మాకెక్కడిది? చివరికి తుక్కు ధరకు పోయింది.

నీ పూజ పాడుగాను అని అరవాలి నేను. కోపమూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి వండాను, తిన్నాం, పడుకున్నాం.

బ్యాంకు వేలంలో దుకాణం పక్కవీధి సుదర్శన్ కొన్నాడు. మంచివాడే. తెరిచే రోజు మమ్మల్నీ పిలిచి, కొబ్బరికాయ ఈయన చేతిలో పెట్టాడు.

"అన్నా, పెద్దోనివి. నీ చేతుల మీదుగానే కానియ్."

గడప ముందు కొట్టాడు. అందరూ చప్పట్లు కొట్టి లోపలికి నడిచారు. ఈయన మాత్రం మోకాళ్ల మీద కూర్చొని చిప్ప ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. పెద్దవి అయ్యాక చిన్నవి. మెట్ల సందులో గోరంత ముక్కను వేలితో గీకి తీస్తున్నాడు.

"లెవ్వయ్యా, ఈడ ఇమానం లేదు," అనబోయాను.

పక్కన కూర్చొని నేనూ ఏరాను.