మూడో విస్తరి

వీరరాఘవమ్మ గంజి వార్చేసరికి తొలి బస్సు హారన్ కొడుతోంది. అరవై దాటిన మనిషి. మోచేతుల దాకా నూనె చిట్లిన మచ్చలు, పొగకు ఎర్రబారిన కళ్ళు. పొద్దుటినుంచీ ఎడమ భుజం లాగుతోంది. గుండిగలు మోసిన చెయ్యి లాగక ఏం చేస్తుందని సరిపెట్టుకుని బస్సెక్కింది.

ఇరవై రెండేళ్ళు ఊరి స్టేషను లాకప్పుకు కూడు ఆమె పూటకూళ్ళ ఇంటినుంచే వెళ్ళింది. కానిస్టేబులు వచ్చి ఎందరో చెబితే అన్ని విస్తళ్ళు కట్టిచ్చేది. తినేవాడు దొంగో దొరో ఆమెకెందుకు? ఆకలికి కేసు నంబరుండదు కదా.

పోయినేడు శ్రావణంలో కానిస్టేబులు మూడు అడిగాడు. "పిన్నీ, ఒకదాంట్లో కారం వెయ్యమాక. వాడి నోరు పగిలింది."

పల్నాట్లో కారం లేని ముద్ద పసిపిల్లలకు తప్ప ఎవరికి పెడతారు? అందుకే గుర్తుండిపోయింది. మూడు రోజులు చప్పిడి పప్పులో నెయ్యి కలిపి పంపింది. నాలుగో రోజు రెండే చాలన్నాడు.

"చప్పిడాయన ఇంటికి పోయాడా?" అనడిగితే కానిస్టేబులు రెండు విస్తళ్ళూ తీసుకుని సైకిలెక్కాడు.

తర్వాత మస్తానమ్మ వచ్చింది. నాపరాళ్ళ క్వారీలో పనిచేసే కొడుకు చిన్నకోటయ్యను జీపెక్కించుకుపోయారనీ, స్టేషనులో అడిగితే అసలు తేలేదంటున్నారనీ ఏడ్చింది. వీరరాఘవమ్మ వెనకాముందూ చూసుకోకుండా మూడో విస్తరి సంగతి చెప్పేసింది. ఆ వారమే స్టేషను కూడు వేరొకరికి పోయింది.

కొడుకును చూపించమని మస్తానమ్మ హైకోర్టులో హెబియస్ కార్పస్ వేసింది. సాక్ష్యం తీసుకుని పంపమని హైకోర్టు కింది కోర్టుకు చెప్పింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఒక వాయిదాకు జడ్జీగారు సెలవు, ఒకదానికి సర్కారు వకీలుకు జ్వరం, రెండింటికి స్టేషను రిజిస్టరు రాలేదు. ఇవాళ ఐదోది, ఆఖరిది. సోమవారానికి రిపోర్టు హైదరాబాదులో ఉండాలి.

కోర్టు వరండాలో మస్తానమ్మ వకీలు వంగి చెప్పాడు.

"రిజిస్టరు తెచ్చారమ్మా. ఆ రోజుల్లో ఇద్దరి పేర్లే ఉన్నాయి. ఇంక నీ నోటిమాటే దిక్కు."

"మూడు కట్టానయ్యా. నా చేతులకు గుర్తుండదా ఏంది?"

రిజిస్టరు మీద వాదన మధ్యాహ్నం దాటినా తెగలేదు. వీరరాఘవమ్మ గోడకు జారగిలబడింది. ఆమెకు పట్టిన చెమట చూసి మస్తానమ్మకు భయమేసింది.

"ఏందక్కా, ఆసుపత్రికి పోదామా?"

"ఈలోపు పిలిస్తేనో? ఇన్నాళ్ళు తిరిగింది ఎందుకే? కాసిని మంచినీళ్ళు పట్రా."

పంపు దగ్గర జనం. మస్తానమ్మ నీళ్ళు తెచ్చేసరికి వీరరాఘవమ్మ తల పక్కకు వాలిపోయి ఉంది. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి.

అప్పుడే బంట్రోతు గుమ్మంలోకి వచ్చి ఆమె పేరు పిలిచాడు. మూడుసార్లు పిలిచాడు.

"ఇక్కడే ఉందయ్యా! మా అక్క ఇక్కడే ఉంది!" అని మస్తానమ్మ శవాన్ని ఒళ్ళోకి లాక్కుని అరిచింది.

సాక్షి మరణించినట్టు రాసుకున్నారు. ఇక మిగిలింది రిజిస్టరే. అందులో ఉన్నదే రిపోర్టులోకి ఎక్కింది. చిన్నకోటయ్య అనే మనిషిని స్టేషనుకు ఎవరూ తీసుకురాలేదు. కొడుకు ఇక రాడని మస్తానమ్మకు ఆ సాయంత్రమే తెలిసింది.

శవాన్ని రిక్షాలో ఎక్కించారు. ఆమె తల వాలిపోకుండా పట్టుకుని మస్తానమ్మ పక్కన కూర్చుంది. పిలవగానే ఆలస్యం కాకూడదని వీరరాఘవమ్మ ముందే విప్పి పెట్టుకున్న హవాయి చెప్పులు మాత్రం కోర్టు హాలు గుమ్మం పక్కనే ఉండిపోయాయి. ఎడమ చెప్పు పట్టీ ఊడిపోకుండా అడుగున పిన్నీసు గుచ్చి ఉంది.