పురుగు కడుపులో వెలుగు

ఆ ప్రయోగశాలలో ఆ అమ్మాయిని అందరూ చీమ అనేవారు. మనిషి పిడికెడు, పని కొండంత. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి, బల్లలు తుడిచి, గాజు మూతలన్నీ వరసగా బోర్లించాక గానీ మంచినీళ్ళు ముట్టేది కాదు. ఇంట్లో వాళ్ళమ్మ మాత్రం ఆమె బట్టలు విడిగా నానబెట్టేది. పురుగుల్ని పెంచే పిల్ల అని ఆవిడకో అనుమానం. అవి మనుషుల జోలికి రావనీ, మొక్కల వేళ్ళు కొరికే వేరుపురుగుల్నే పట్టుకుంటాయనీ చీమ ఎన్నిసార్లు మొత్తుకున్నా బకెట్లు మాత్రం కలవలేదు.

చీమకి ఈ పిచ్చి అంటించింది డాక్టరమ్మ. మందులిచ్చే డాక్టరమ్మ కాదు. నులిపురుగుల మీద పరిశోధన చేసి ఆ పేరు సంపాదించుకున్న మనిషి. జుట్టు పూర్తిగా నెరిసినా నవ్వు తగ్గలేదు. కంటికి ఆననంత సన్నటి ఆ పురుగు సంసారం గురించి మొదలుపెడితే అన్నం సంగతి కూడా మర్చిపోయేది. నులిపురుగు మట్టిలో వెతుక్కుంటూ పోయి వేరుపురుగు ఒంట్లో దూరుతుంది. దూరి, తన కడుపులో దాచుకొచ్చిన బాక్టీరియాను కక్కుతుంది. ఆ బాక్టీరియా వేరుపురుగును చంపి, శవం కుళ్ళకుండా కాపలా కాసి, నులిపురుగుకి కావలసిన తిండి తయారుచేసి పెడుతుంది. పైగా చీకట్లో వెలుగుతుంది కూడా. తిండి అయిపోయాక పురుగు పిల్లలు తలా కాస్త బాక్టీరియాను మోసుకుని ఇంకో చోటు వెతుక్కుంటూ పోతాయి.

"కోడల్ని కడుపులో పెట్టుకుని చూసుకునే అత్తగార్ని ఎక్కడైనా చూశావే? ఇదిగో, ఇక్కడుంది" అనేది డాక్టరమ్మ.

అలాంటి పురుగులు లోకంలో ఇంకా ఉన్నాయి. కానీ డాక్టరమ్మ దగ్గరున్న జాతి ఎంత ఎండకైనా ఓర్చుకునేది. నీళ్ళు లేని పొలాలకి అది వరం అని ఆవిడ నమ్మకం. ఒక గుట్ట వాలులో మోకాళ్ళు దోక్కుపోయేలా పాకి, మట్టి జల్లించి దాన్ని పట్టుకుంది. తర్వాత ఆ గుట్టను చదును చేసి, సిమెంటు పోసి, కార్లు నిలుపుకునే చోటు చేశారు. ఫ్రీజర్లో దాచిన నిల్వ కాస్తా కరెంటు పోయి పాడైంది. ఇక ఆ జాతి అంటూ మిగిలింది బల్ల మీది సీసాల్లోనే.

సరిగ్గా అప్పుడే కళ్ళ వైద్యానికని డాక్టరమ్మ కొన్ని నెలలు సెలవు పెట్టాల్సి వచ్చింది. తన పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోమని ఒక్క మాట చెప్పి సీసాలన్నీ చీమకి అప్పజెప్పింది. చీమ వాటిని కంటికి రెప్పలా చూసుకుంది. పురుగులకి మేతగా వేసే బాక్టీరియాను విడిగా పెంచుతూ వారం వారం కొత్త పళ్ళెంలోకి మార్చేది. పాత పళ్ళెంలో పెరిగిన చుక్కల్లో ఏది గుండ్రంగా, నున్నగా, చూడముచ్చటగా ఉంటే దాన్నే ఎంచి తీసేది. చదువుకున్నన్నాళ్ళూ ఆమెకి అందరూ నేర్పింది అదే. బాక్టీరియా మహా జోరుగా పెరిగింది. పురుగులే దాన్ని తినడం మానేశాయి, పిల్లల్ని పెట్టడం మానేశాయి, సీసా అడుక్కి దిగి కదలకుండా పడిపోయాయి. తను చేయని సేవంటూ లేదు, అయినా ఇలా ఎందుకవుతోందో తెలియక చీమకి ముద్ద దిగేది కాదు.

నల్లకళ్ళద్దాలు పెట్టుకుని డాక్టరమ్మ తిరిగొచ్చేసరికి ఒక్క సీసాలోనే ప్రాణం మిగిలింది. ఆవిడ వెళ్ళేముందు తడి స్పంజిముక్క మీద వదిలిన, మేత లేకపోయినా నెలలు ఓర్చుకునే పాత పురుగులు అవి. చీమ తల వంచుకుని జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. డాక్టరమ్మ పళ్ళాలన్నీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూసి, నుదురు కొట్టుకుంది.

అసలైన బాక్టీరియా చుక్క జిగటగా, ముద్దగా, అంచులు వంకరపోయి ఉంటుందట. పురుగు తోడు లేకుండా ఉత్త పళ్ళెంలోనే ఎక్కువకాలం పెరిగితే కొన్ని బుద్ధి మార్చుకుంటాయట. వెలగడం మానేస్తాయి, పురుగుకి పెట్టడం మానేస్తాయి, తమ ఎదుగుదల తాము చూసుకుంటాయి. నున్నగా అందంగా కనబడేవి అవే. చీమ వాటినే ఏరి ఏరి పెంచింది. బద్ధకస్తులెవరైనా అయితే చేతికందిన చుక్కనల్లా తీసి ఈ తప్పు నుంచి తప్పించుకునేవారు.

"చెప్పకపోవడం నాదే తప్పు. నా చెయ్యి దానంతటదే జిగటదాని మీదికి పోతుంది. ఎందుకు పోతుందో నేనెప్పుడూ ఆలోచించలేదు" అంది డాక్టరమ్మ.

దారి ఒక్కటే మిగిలింది. బతికున్న ఆ కాసిని పురుగుల కడుపుల్లో అసలైన బాక్టీరియా ఇంకా ఉండాలి. సగం పురుగుల్ని నలిపి దాన్ని బయటికి తీయాలి. ఒక్క మంచి చుక్క దొరికినా దాని మీద మిగతా సగం మళ్ళీ కాపుకొస్తాయి. దొరక్కపోతే ఆ జాతి అంతటితో సరి. చెయ్యి తిరిగినవాళ్ళకి ఇమ్మని పక్కగది వాళ్ళు సలహా ఇచ్చారు. డాక్టరమ్మ విననట్టే పురుగుల్ని నలిపే గాజుకాడ తీసి చీమ చేతిలో పెట్టింది. అంత జరిగాక కూడా తనని నమ్మినందుకు చీమకి ఏడుపు ఆగలేదు. ముఖం కడుక్కొచ్చి, పురుగుల్ని మందునీళ్ళలో కడిగి, నలిపి, పళ్ళాల్లో పూసింది.

చుక్కలు పైకి తేలాక ఒక మధ్యాహ్నం ఇద్దరూ పళ్ళాలు పట్టుకుని సామాన్ల గదిలోకి వెళ్ళారు. లేత చుక్కల్లో జిగట ఇంకా తెలియదు, చీకట్లో వెలిగిందే అసలైనది. తలుపు సందులో కోటు కుక్కి దీపం ఆర్పేశారు. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా డాక్టరమ్మ పాత సంగతులు చెప్పింది. మొదటిసారి ఈ వెలుగు కనబడ్డప్పుడు క్యారియర్ తెచ్చిన మొగుణ్ణి ఇదే గదిలో కూర్చోబెట్టిందట. ఆయనేమో అన్నం చల్లారిపోతోందని గొడవ పెట్టాడట. చీమ నవ్వింది. తర్వాత మొదటి పళ్ళెం ఆవిడకి అందించబోయింది.

"నాకొద్దు. చీకట్లో నాకేమీ కనబడదు. రేచీకటి. ఇంత వైద్యం చేయించినా లాభం లేదన్నారు. నువ్వే చూసి చెప్పాలి" అంది డాక్టరమ్మ మామూలుగా.

చీమ పళ్ళెం వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఎంతోసేపటికి గానీ పళ్ళెం వైపు చూడలేకపోయింది. అందులో వెలుగు లేదు. ఉందంటే ఈ మనిషి ఎంత సంతోషిస్తుందో, ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"లేదండీ" అంది.

రెండోదీ లేదు. ఆ తర్వాతవీ లేవు. ప్రతిసారీ డాక్టరమ్మ సరేనని చెయ్యి చాచి పళ్ళెం తీసుకుని పక్కన పెట్టింది. ఆ చెయ్యి పోనుపోను బరువెక్కడం చీమకి తెలుస్తూనే ఉంది.

ఆఖరి పళ్ళెంలో ఒక మూల ఏదో ఉన్నట్టనిపించింది. చీమ కళ్ళు మూసుకుని తెరిచింది. అరచెయ్యి అడ్డం పెట్టి తీసింది. చెయ్యి తీసిన ప్రతిసారీ అది అక్కడే ఉంది, సన్నగా, పచ్చగా.

"ఉందండీ."

నిజంగానా అని అడుగుతుందనుకుంది. డాక్టరమ్మ అడగలేదు. ఎక్కడో చూపించమంది. చీమ ఆవిడ వేలు పట్టుకుని మూత మీద, సరిగ్గా ఆ వెలుగు పైన ఆనించింది.

"దీపం వెయ్యనా అండీ?"

"అప్పుడే వద్దు. కాసేపు చూడు. నా వంతు కూడా నువ్వే చూడు" అంది డాక్టరమ్మ.

చీమ కళ్ళు తుడుచుకుని చూస్తూ కూర్చుంది.