గరిటె దెబ్బకి ఒక కిలోమీటరు

నేను ఒక స్టాప్‌వాచీని. అరచేతిలో ఒదిగే గుండ్రటి నికెల్ ఒళ్ళు, నెత్తిన ఒక మీట, లోపల కీ ఇస్తే తిరిగే స్ప్రింగు. ముందే చెప్పేస్తున్నాను, నేను మనుషుల్ని నమ్మను. మీరు మంచివాళ్ళే అయ్యుండొచ్చు, కాదనను. కానీ "ఎంతసేపట్లో వచ్చావు?" అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పే మనిషే ఉంటే నన్ను తయారుచెయ్యాల్సిన పనే ఉండేది కాదు. మీ మీద అనుమానంతోనే నన్ను పుట్టించారు.

ఎక్కడో మంచు పడే దేశంలో, కంటికి భూతద్దం బిగించుకున్న ఒక ముసలావిడ నా చక్రాలు అమర్చింది. అమర్చాక పక్కన ఇంకో వాచీ పెట్టి, ఇద్దర్నీ ఒకేసారి నొక్కి, ఎవరు అబద్ధమాడుతున్నారో చూసింది. పుట్టినరోజే నన్ను దొంగలా నిలబెట్టారు. ఆ పరీక్ష నెగ్గి, ఓడెక్కి, విశాఖపట్నం రేవులో దిగాను. అక్కడ ఆటవస్తువుల దుకాణంలో అద్దాల బీరువా లోంచి నన్ను సన్యాసినాయుడు మేస్టారు తీసుకున్నారు.

ఆయన భీమిలి దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్లు మేస్టారు. ఏటా పిల్లలకి దూరపు పరుగు పెట్టేవారు. లైటుహౌసు దాకా వెళ్ళి వెనక్కి రావాలి. "మధ్యలోనే తిరిగొచ్చేసే వెధవలుంటారు" అని అక్కడ ప్యూనుని కూచోబెట్టి, వచ్చినవాడి మణికట్టు మీద సున్నం బొట్టు పెట్టించేవారు. ఒక ఏడు ముగ్గురు ఇంటి దగ్గరే సున్నం రాసుకుని, జీడిమామిడి తోటలో కాసేపు పడుకుని తీరిగ్గా వచ్చారు. ఆ సంగతి ఎలాగో తెలిసింది. మరుసటేడు మేస్టారు ప్యూనుకి సున్నంతోపాటు పసుపు కూడా ఇచ్చి పంపారు. అక్కడిదాకా వెళ్ళినవాడి బొట్టు ఎర్రగా ఉండాలి. తెల్లబొట్టుతో వచ్చినవాళ్ళంతా ఎండలో గుంజీళ్ళు తీశారు. నా చదువు అక్కడే పూర్తయింది.

మేస్టారికి ఒక్కతే కూతురు, నూకరత్నం. మగపిల్లల వెనకాల పరికిణీ ఎగ్గట్టుకుని పరిగెత్తేది. సగంమంది కంటే ముందే వచ్చేసి, రొప్పుతూ, "నాన్నా, నాకెంత?" అనేది. "ఆడపిల్లకి పరుగులేటి, ఇంటికి నడు" అనేవారాయన. వందలమంది కోసం నన్ను నొక్కిన ఆ బొటనవేలు కూతురి కోసం ఒక్కసారీ నొక్కలేదు. అప్పుడు నేనేమీ అనుకోలేదు. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

రిటైరయ్యాక ఆయన నన్ను కోడిగుడ్లు ఉడకబెట్టడానికి వాడారు. గుడ్లని కూడా నమ్మేవారు కాదు. ఆయన పోయాక పెట్టెలోంచి రత్నం తీసుకున్నవి రెండే, ఆయన విజిలు, నేను.

రత్నానికి ఇప్పుడు ముప్పై ఎనిమిది. విశాఖలో ఒక ఐదంతస్తుల అపార్టుమెంటులో కాపురం, రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. భర్త ఎర్నాయుడు ఫ్యాక్టరీలో షిఫ్టుల మనిషి. కూతురు ఝాన్సీ మూడో తరగతి. అత్తగారు అప్పయ్యమ్మ పూర్ణామార్కెట్లో ముప్పై ఏళ్ళు నిమ్మకాయలు అమ్మి, మోకాళ్ళు పట్టేశాక కొడుకు దగ్గరికి వచ్చింది. ఈమెని గుర్తుపెట్టుకోండి. నా అనుమానమంతా ఈమె మీదే.

రత్నం కిందటేడు మారథాన్‌కి దిగింది. నలభై రెండు కిలోమీటర్ల పైచిలుకు, ఐదు గంటల్లో రావాలి. ముప్పై ఐదో కిలోమీటరు దగ్గర కాళ్ళు పట్టేసి రోడ్డు పక్కన కూలబడితే, వెనకాల వచ్చే బస్సులో ఎక్కించుకొచ్చారు. నేను ఆమె మెడలోనే ఉన్నాను. బస్సులో ఆమె ఏడుస్తూ కూడా నన్ను ఆపలేదు, ముల్లు అలా తిరుగుతూనే ఉంది.

ఇంట్లో మాటలయ్యాయి. పొద్దున్నే ఈమె రోడ్డు మీదుంటే పిల్ల జడలెవరు వేస్తారు, క్యారేజీలెవరు సర్దుతారు? ఎర్నాయుడు చెడ్డవాడు కాదు, నిద్ర చాలని మనిషి. "ఇంకొక్క ఏడు చూద్దాం" అన్నాడు. "ఈసారి కూడా ఐదు గంటల్లో రాకపోతే బూట్లు నేనే అటకెక్కిస్తాను, మళ్ళీ దించమని అడగను" అంది రత్నం. ఈ మాట అత్తగారి ఎదురుగానే అంది. ఆవిడ కిళ్ళీ నములుతూ తలూపింది. ఆ తలూపడం నాకేమీ నచ్చలేదు.

ఎండాకాలం పోయేసరికి బీచ్ రోడ్డు మీద కిలోమీటరుకి ఆరు నిమిషాల యాభై సెకన్లు వచ్చేది. ఐదు గంటల్లో ముగించాలంటే ఏడు నిమిషాల ఆరు సెకన్లు చాలు. నేను కూడా కాస్త ఆశపడ్డాను. అంతలో అక్టోబరులో వానలు మొదలయ్యాయి. ఒక వాయుగుండం తీరం దాటిందో లేదో ఇంకోటి తయారు. రోడ్ల మీద మోకాలిలోతు నీళ్ళు, మేన్‌హోలు ఎక్కడుందో తెలీదు. రత్నం టేపు పట్టుకుని మేడ మీదకెక్కింది. పిట్టగోడ వెంబడే ఒక చుట్టు సరిగ్గా వంద మీటర్లు వచ్చింది. పది చుట్లంటే కిలోమీటరు. వేళ్ళు తడిస్తే ఫోను మాట వినదు కాబట్టి, నన్ను పాలప్యాకెట్ కవర్లో చుట్టి మెడలో వేసుకుంది.

చుట్లు లెక్కపెట్టేదెవరు? "నాను లెక్కెడతానులే. నువ్వు కాళ్ళ మీద ధ్యాస ఎట్టు" అంది అప్పయ్యమ్మ.

అదీ ఏర్పాటు. ఐదింటికి ఆవిడ మెట్ల గది గుమ్మంలో గొడుగేసుకుని కూచుంటుంది. ఒళ్ళో చింతపిక్కలు, స్టీలు కంచం, గరిటె. కిలోమీటరైతే ఒక చింతపిక్క పక్కన పెట్టి, కంచం మీద గరిటెతో ఒక్కటిస్తుంది. ఆ చప్పుడికి రత్నం నన్ను ఆపి, చూసి, మళ్ళీ మొదలెడుతుంది. నేను రెయిన్‌కోటు లోపల ఉంటాను. నాకు కంచం చప్పుడు తప్ప ఏమీ తెలీదు.

మొదటిరోజే నాకు తేడా కొట్టింది. ఏడు నిమిషాల ఇరవై! రోడ్డు మీద ఆరూయాభై వచ్చే మనిషికి మేడ మీద అరనిమిషం ఎక్కడ పోయింది? మలుపుల దగ్గర కాస్త పోతుంది, ఒప్పుకుంటాను. కానీ అరనిమిషమా? రత్నం మాత్రం తననే తిట్టుకుంది. "బరువెక్కిపోయాను" అని రాత్రి అన్నం మానేసింది. నేను ముప్పై నిమిషాలకి మించి గుర్తుపెట్టుకోలేని వాచీని, చిన్న ముల్లు ముప్పై దాటితే మళ్ళీ మొదటికొస్తుంది. అయినా ఆ ఏడూఇరవైని మర్చిపోలేదు.

అప్పట్నించీ ఆవిడ మీద ఒక కన్నేశాను. పగలంతా నన్ను వంటింటి మేకుకి తగిలిస్తారు, అక్కణ్ణించి అన్నీ వినబడతాయి. ఒకరోజు కొడుకుతో, "ఒరే, రెండేసి గంటలు అలా కూకోడం నా వల్ల కాదురా" అంది. చూశారా! ఇంకోరోజు పక్కింటావిడతో, "ఈ ఏడుతో ఈ గొడవ తేలిపోవాల" అంది. తేలిపోవాలట! ఇంకోరోజు రత్నం రెయిన్‌కోటు తొడుక్కోకముందు చూశాను, మేడ మీద మలుపుల దగ్గర ఆవిడ బ్లీచింగ్ పౌడరు చల్లి చీపురుతో రుద్దుతుంటే, కోడలు జారిపడాలనే ఇదంతా అనుకున్నాను. పాచి పోగొడుతోందని నాకు తోచలేదు. పైగా రుద్దిన చోట గోనెసంచులు పరిచింది. దాన్ని కూడా అనుమానించాను.

నా లెక్క తేలిపోయింది. ముసలమ్మ చింతపిక్క ఆలస్యంగా పెడుతోంది. కోడలి గుండె జారాలి, బూట్లు అటకెక్కాలి, తను పొద్దున్నే వెచ్చగా పడుకోవాలి. సున్నం రాసుకొచ్చిన వాళ్ళని చూసినవాణ్ణి, నన్ను మోసం చెయ్యగలదా? కానీ నాకు నోరేదీ.

రత్నం మాత్రం వదల్లేదు. ముసురులో, ఈదురుగాలిలో, ఝాన్సీకి జ్వరమొచ్చిన రోజు గంట ఆలస్యంగా, ఎర్నాయుడు నైట్ షిఫ్టు నుంచి వచ్చేలోపు కూర పొయ్యి మీద పడేసి, ఎలాగోలా తిరిగింది. ఒక ఆదివారం ముప్పై చింతపిక్కలు పూర్తిచేసి, మెట్ల మీద కూచుని బూటు విప్పలేక అలాగే ఉండిపోయింది. అత్తగారే వంగి విప్పింది. నెలా పదిహేను రోజుల్లో ఏడూఇరవైని ఏడూతొమ్మిదికి తెచ్చింది. ఏడూఆరు కావాలి. ఇంకా మూడు సెకన్లు ఎక్కువే. "రోజంతా అదే వేగం ఉండదు కదా, చివర్లో ఇంకా తగ్గుతాను. అయిపోయింది" అని అద్దం ముందు జడ వేసుకుంటూ తనతో తనే అనుకుంది. ఆ మాట వినడం నాకు చాలా కష్టమనిపించింది.

నవంబరు చివరి ఆదివారం పందెం. ఆకాశం మబ్బేసుంది, వాన లేదు. మొదటి కిలోమీటరు బోర్డు దాటగానే నన్ను నొక్కింది. ఆరు నిమిషాల ముప్పై ఒకటి. రత్నం నన్ను చెవి దగ్గర పెట్టుకుని వింది. రెండో బోర్డు, ఆరూముప్పై. నన్ను ఊపి చూసింది. మూడోది, మళ్ళీ అంతే. ఆమె మొహంలో భయం చూశాను. ఇంత వేగం తనది కాదు, ఇలాగే పోతే కిందటేడులా కూలబడతానని అడుగు తగ్గించేసింది. ఇంతకాలం అందర్నీ అనుమానించిన నన్ను ఇప్పుడు ఆమె అనుమానిస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఐదో బోర్డు దాటాక పక్కన పరిగెత్తే ఒక తెల్లజుట్టాయన్ని అడిగింది. "బాబాయ్, మీ వాచీలో మొదట్లో కిలోమీటరుకెంత వచ్చింది?"

"ఆరున్నరమ్మా. నీ పక్కనే వస్తున్నాను కదా. ఇప్పుడే ఎందుకో మందగించావు."

రత్నం నన్నొకసారి గట్టిగా పట్టుకుని వదిలింది. ఇంత వేగం ఎలా వచ్చిందో ఆమెకి అర్థంకాలేదు, కానీ మళ్ళీ అడుగు పెంచింది.

ముప్పై ఐదో కిలోమీటరు దగ్గర వాన అందుకుంది. కిందటేడు కూలబడిన చోటే, గొడుగేసుకుని అప్పయ్యమ్మ నిలబడుంది. ఎందుకొచ్చినట్టు? కోడలు పడిపోతే ఇంటికి తీసుకుపోడానికా? నేనిలా అనుకుంటూండగానే ఆవిడ చంకలోంచి కంచం తీసి, గరిటెతో ఒక్కటిచ్చింది. "ఆగకే, ఎల్లు" అంది. అంతే. రత్నం అలవాటు చొప్పున నన్ను నొక్కింది. ఆ ఊపులో పాలప్యాకెట్ కవరు జారి రోడ్డు మీద పడిపోయింది. తీసుకోడానికి ఆగలేదు.

నాలోకి నీళ్ళు దిగాయి. ముప్పై ఆరో బోర్డు దగ్గర ఆమె నొక్కితే నేను కదల్లేకపోయాను. అరవై ఏళ్ళలో మొదటిసారి, నా అవసరం ఉన్నప్పుడు. మిగిలిన ఆరు కిలోమీటర్లూ ఆమె మెడలో బరువుగా వేలాడాను. ఎంతలో పరిగెత్తిందో నాకు తెలీదు. గీత దాటాక పైన పెద్ద బోర్డు మీద చూశాను. నాలుగు గంటల నలభై ఆరు నిమిషాలు. సన్యాసినాయుడు మేస్టారూ, మీ కూతురికెంతో చూశారా అని అరవాలనిపించింది.

రోడ్డువార మెట్టు మీద కూచుని రత్నం నవ్వుతోంది, ఏడుస్తోంది. ఎర్నాయుడుతో వచ్చిన ఝాన్సీ ఆమె మెడలో పతకాన్ని పట్టుకుని వదలడంలేదు. కాసేపటికి అప్పయ్యమ్మ ఆటో దిగి, సీసాలో నిమ్మకాయ నీళ్ళు తెచ్చిచ్చింది.

"అత్తా, ఒకటి అడుగుతాను. మేడ మీద చుట్లు ఎలా లెక్కెట్టేదానివి?"

"ఎలాగేటి? లాభం, రెండు, మూడు, నాలుగు..." ఆవిడ ఒకటిని లాభం అనే అంటుంది, ముప్పై ఏళ్ళ మార్కెట్ అలవాటు. "అలా పది. పదయ్యాక ఒక కొసరు. అప్పుడు కంచం కొట్టీసి, మళ్ళీ లాభం."

రత్నం, ఎర్నాయుడు మొహామొహాలు చూసుకున్నారు.

"కొసరేటమ్మా?" అన్నాడు ఎర్నాయుడు. "అయితే ముప్పై అన్నరోజు ఇది ముప్పై మూడు పరిగెత్తిందా?"

"మరి? పదికి పది లెక్కెట్టి పంపీడానికి నానేటి పిసినారి దాన్నా?" ఆవిడ నిజంగానే నొచ్చుకుంది. "నా దగ్గర కాయలు పట్టికెల్లినోళ్ళు ఇంటికాడ లెక్కెట్టుకుని తక్కువైనాయని ఒక్కరూ తిరిగి రాలేదు."

రత్నం ఆవిడ ఒళ్ళో తల పెట్టేసింది. నేను ఇద్దరి మధ్యా నలిగాను. ఇన్నాళ్ళూ నాకు తెలీని ఆ అరనిమిషం అక్కడుంది. ఆవిడ దాచలేదు, దొంగిలించలేదు, చేతికొచ్చిన అలవాటుగా ఇచ్చింది. "కూకోడం నా వల్ల కాదురా" అన్న మర్నాడు కొడుకు మేడ మీదకి వీపు ఆనే కుర్చీ తెచ్చిపెట్టిన సంగతి కూడా నాకప్పుడే గుర్తొచ్చింది. నేను మాత్రం నా జన్మలో ఎవరికీ ఒక్క సెకను కొసరు వెయ్యలేదు.

తర్వాత నన్ను బాగుచేయించాలని చూశారు. మూడు దుకాణాల్లో నా పొట్ట విప్పి, "విడిభాగాలు దొరకవండీ" అని మూసేశారు. పారేస్తారనుకున్నాను. అప్పయ్యమ్మ పారెయ్యనివ్వలేదు. "మేస్టారి వాచీ. పక్కనుండనీ" అని చింతపిక్కల డబ్బాలో వేసుకుంది.

మళ్ళీ వానలొచ్చాయి. మళ్ళీ మేడ, మళ్ళీ ఐదింటికి గొడుగు. బూట్లు అటకెక్కలేదు, పిల్ల జడలు ఎర్నాయుడు నేర్చుకున్నాడు, వంకరగానే వేస్తాడు. రత్నం చేతికి కొత్త వాచీ ఉంది. దాన్ని నేను నమ్మను. ఈసారి నేను అప్పయ్యమ్మ ఒళ్ళోనే ఉన్నాను, ఏ రెయిన్‌కోటూ అడ్డం లేదు, అన్నీ కనబడుతున్నాయి. కిళ్ళీ నోటితో ఆవిడ లెక్క వినబడుతోంది. ఎనిమిది, తొమ్మిది, పది. గరిటె గాల్లోనే ఆగింది. రత్నం కంచం వైపు చూసింది. కంచం మోగలేదు. ఆమె పిట్టగోడ మలుపు తిరిగి, వానలో ఇంకో చుట్టు వెళ్ళింది.

నేను కళ్ళారా చూశాను. నా ముళ్ళు ఇప్పుడు కదిలినా ఈ కొసరు సంగతి ఎవరికీ చెప్పను.